ఒత్తి గీసిన చోటు

ఒకే ఇంట్లో ఇద్దరు రచయిత్రులుంటే ఆ ఇంటి గోడలకే ఊపిరాడదు. పైగా ఆ ఇద్దరూ తోడికోడళ్ళయి, రాయడం ముందు పెద్దావిడ మొదలుపెట్టి, పేరు మాత్రం ముందు చిన్నావిడకి వస్తే ఇక చెప్పేదేముంది.

పెద్ద కోడలిది కింది వాటా, చిన్న కోడలిది పై వాటా. రెంటికీ మధ్య సిమెంటు మెట్లు. మెట్ల పక్క గదిలో అత్తగారు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ గది దాటి రావడం తక్కువే గానీ, అడుగుల చప్పుడు విని ఎవరు ఎక్కుతున్నారో, ఎవరు దిగుతున్నారో, ఎవరు ఎవరి మీద గుర్రుగా ఉన్నారో కూడా మంచం మీది నుంచే చెప్పేస్తుంది. అన్నదమ్ములిద్దరూ ఈ కథలో పెద్దగా కనపడరు. ఇంట్లో కూడా అంతే.

పెద్ద కోడలు ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడర్. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ పుస్తకాల్లో తప్పులు ఏరి ఏరి ఆవిడకి ఏది చదివినా ముందు తప్పే కనపడుతుంది. జడముడిలో పిన్ను ఉన్నా లేకపోయినా పెన్సిల్ మాత్రం ఉంటుంది. ఆ పెన్సిల్‌తోనే ఆవిడ ఏళ్ళ తరబడి ఒక నవల రాస్తోంది. అచ్చాఫీసు నడిపే కుటుంబం, మూడు తరాల కథ. రాయడం, చెరపడం, మళ్ళీ శుభ్రంగా తిరగరాయడం. ఆఫీసు యజమానికి ఇస్తే ఆయన వారం పదిరోజులు దగ్గర పెట్టుకుని, "భాష ముత్యాల్లా ఉందమ్మా" అని తిరిగి ఇచ్చేవాడు. ఆ మాట తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని ఆవిడ నిలబడి చూసేది. ఆయన కళ్ళజోడు తుడుచుకునేవాడు. అక్కడితో సరి.

చిన్న కోడలు ఒక ల్యాబ్‌లో రక్తం తీసే పని చేస్తుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం, పాత రిపోర్టు కాగితాల వెనక రాసుకొచ్చిన కథొకటి పట్టుకుని కిందికి దిగి, "అక్కా, మీరొకసారి చూసిపెడతారా" అంది. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడివక్కడ లేవు. పెద్ద కోడలికి ముద్దొచ్చింది. పక్కన కూచోబెట్టుకుని దిద్దింది. ఆఫీసులో కూడా, "మా చిన్నదానికీ రాయాలని సరదా" అని చెప్పుకుని మురిసిపోయింది. సరదా సరదాగానే ఉంటే ఎంత బాగుండేది. ఆ కథ అచ్చయింది. దాని వెనక ఇంకొన్ని. తర్వాత నవల. అదీ పెద్ద కోడలు పనిచేసే సంస్థే వేసింది. యజమాని ఆ రాతప్రతిని రెండు రోజుల్లో చదివేశాడు, కళ్ళజోడు తుడుచుకోలేదు, కళ్ళు తుడుచుకున్నాడు. ఏకు మేకై కూచుంది.

ఆ రోజు నుంచి పెద్ద కోడలి కడుపులో మంట మొదలైంది. దాన్ని ఇంకో పేరుతో పిలిచి లాభం లేదు, అది అసూయే. పైకి మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ఉండేది. ఆ నవల ప్రూఫులు బల్ల మీదికి వస్తే, "ఇంట్లోవాళ్ళ పుస్తకం, నేను చూస్తే బాగోదు" అని పక్క బల్లకి తోసేసింది. ఆఫీసంతా ఆవిడ నిజాయితీని మెచ్చుకుంది. నిజాయితీ కాదు, పాడూ కాదు. ఆ పేజీలు అచ్చులో చూస్తే ఆవిడకి అన్నం సహించదు. అందుకే పుస్తకం బయటికొచ్చాక కూడా తెరవలేదు. ఎవరైనా అడిగితే, "రాతప్రతిలోనే చదివేశానుగా" అనేది.

రాతప్రతి చదవడం మాత్రం నిజమే. ఏది రాసినా ముందు కిందికి తేవడం చిన్న కోడలికి అలవాటు. పెద్ద కోడలు అడ్డంగా గీతలు కొట్టి ఇచ్చేది. చిన్న కోడలు పైకి తీసుకెళ్ళి శుభ్రంగా టైపు చేసుకునేది. మొదట్లో ఆ గీతలన్నీ న్యాయమైనవే. రెండో నవల నాటికి న్యాయం కాస్త పక్కకి జరిగింది.

అందులో ఒక పేజీ ఉంది. భర్త ఆస్పత్రిలో పోయాడు. అతని చొక్కా ఒక్కటే సంచీలో పెట్టి ఇచ్చారు. భార్య ఇంటికొచ్చి దాన్ని ఉతకదు. హ్యాంగర్‌కి తగిలించి, గుండీలన్నీ పెట్టి, తలుపుకి వేలాడదీసి, దాని ఎదురుగా కుర్చీ వేసుకుని పోట్లాడుతుంది. నిన్నెవరు వెళ్ళమన్నారు, గీజరు బాగుచేయిస్తానన్నావు కదా, ఎవరు చేయిస్తారిప్పుడు, అని. పెద్ద కోడలు చదువుతూ చదువుతూ పొయ్యి మీద పాల సంగతి మర్చిపోయింది. పాలు పొంగి, పొయ్యి ఆరిపోయి, గ్యాసు వాసన వచ్చాక గానీ లేవలేదు. పొయ్యి కట్టేసి, కిటికీ తెరిచి, మళ్ళీ వచ్చి ఆ పేజీ చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళుగా బల్ల ముందు కూచుంటున్నది నేను, ఈ పేజీ దీని దగ్గరికి ఎందుకెళ్ళింది అనుకుంది. ముడిలోంచి పెన్సిల్ లాగి, ఆ మూల నుంచి ఈ మూలకి గీత కొట్టింది. ముల్లు విరిగింది. చెక్కుకుని వచ్చి పక్కన 'అతి. తీసెయ్' అని రాసింది.

చిన్న కోడలు వచ్చి ఆ పేజీ తిప్పి చూసుకుంది. వెనకవైపు వేలితో నిమిరింది. రక్తం తీసేవాళ్ళకి ఏది ముట్టుకున్నా నరం వెతుక్కునే అలవాటు కాబోలని పెద్ద కోడలు పట్టించుకోలేదు.

"సరే అక్కా," అంది చిన్న కోడలు, అంతే.

తీరా ఆ నవల మొదటిదాన్ని మించిపోయింది. ఆ పేజీ లేకపోయినా ఇంత పేరేమిటని పెద్ద కోడలు లోలోపల నోరు వెళ్ళబెట్టింది. పత్రికలవాళ్ళు ఇంటికి వచ్చేవారు. గేటు దగ్గర చెప్పులు విప్పుతూ, "రచయిత్రిగారి ఇల్లు ఇదేనా" అని అడిగేవారు. "పైన" అని వేలు చూపించీ చూపించీ ఆవిడ వేలికే విసుగు పుట్టింది. చివరికి ఒక సాహిత్య సంఘంవాళ్ళు ఆ నవలకి బహుమతి ప్రకటించి, ఆదివారం ఉదయం గ్రంథాలయం హాల్లో సభ పెట్టారు.

వెళ్ళకపోతే కుళ్ళుకుంటోందంటారు. వెళ్ళింది. ముందు వరసలో కూచోబెట్టారు. వేదిక మీద చిన్న కోడలికి ఇచ్చిన పూలగుచ్ఛాలన్నీ ఎవరో కుర్రాళ్ళు తెచ్చి ఈవిడ ఒళ్ళో పెట్టారు. ఒకటి, ఇంకొకటి, ఆపైన ఇంకొకటి. గడ్డం దాకా పూలు. పక్క కుర్చీలోని పెద్దాయన వంగి, "మీరు ఆవిడ దగ్గర పనిచేస్తారామ్మా" అని అడిగాడు. అమాయకంగానే అడిగాడు. పుండు మీద కారం చల్లేవాళ్ళకి ఎప్పుడూ అమాయకత్వమే ఎక్కువ.

"వాళ్ళ అక్కని," అంది పెద్ద కోడలు పూల వెనక నుంచి.

అప్పుడు వేదిక మీద, నచ్చిన భాగం ఒకటి చదవమని చిన్న కోడల్ని అడిగారు. ఆ అమ్మాయి పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. చొక్కా. హ్యాంగర్. గుండీలు.

పెద్ద కోడలి మొహాన నెత్తురు చుక్క లేదు. నిన్నెవరు వెళ్ళమన్నారు, అని పైనుంచి వినపడుతోంది. గీజరు దగ్గరికి వచ్చేసరికి వెనక వరసల్లో ఎవరో ముక్కు చీదారు. చదవడం అయిపోయాక చప్పట్లు ఎంతకీ ఆగలేదు. మీకు గురువెవరని ఎవరో అడిగారు. "మా అక్క పెన్సిలే నాకు గురువు," అంది చిన్న కోడలు ముందు వరసకి చెయ్యి చూపిస్తూ. అందరూ తలలు తిప్పారు. పెద్దాయన ఈసారి నమస్కారం పెట్టాడు. పెద్ద కోడలికి తల తీసేసినట్టయింది.

ఇంటికొచ్చీ రాగానే అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ తలగడ పక్కన రెండు నవలలూ ఉంటాయి, అట్టలు నలిగిపోయి.

"ఇవి ఒకసారి ఇస్తారా అత్తయ్యా."

"నువ్వు చదివేశావుగా."

"అచ్చులో చదవలేదు."

అత్తగారు పుస్తకాలు అందించి, "అచ్చులో చదవనిది నువ్వొక్కదానివే అనుకుంటా ఈ వీధిలో," అని గోడవైపు తిరిగి పడుకుంది.

మధ్యాహ్నమంతా చదివింది. తను గీతలు కొట్టిన చోట్లు ఒక ప్రూఫ్ రీడర్ మర్చిపోదు. మొదటి నవలలో ఊరికే సాగదీసిన వర్ణనలు, రెండుసార్లు వచ్చిన మాటలు, అవసరం లేని మేనమామ పాత్ర ఒకటి, అన్నీ పోయాయి. రెండోదాంట్లో చొక్కా పేజీ ఉంది. పెళ్ళివారిని గుమ్మంలో నిలబెట్టి అబద్ధం చెప్పే తండ్రి ఉన్నాడు. అద్దం ముందు తల్లి గొంతుని అనుకరించే పిల్ల ఉంది. ఏ పేజీలు చదివి ఆవిడకి ఒళ్ళు మండిందో, వాటిలో ఒక్కటంటే ఒక్కటి పోలేదు.

ఆ సాయంత్రం ఆవిడ వంట చెయ్యలేదు. బల్ల ముందు కూచుని కాగితం తీసుకుని, ఒళ్ళో ఇంకొకరి పూలు పెట్టుకుని ముందు వరసలో కూచున్న ఆడమనిషి గురించి రాసింది. ఆ పూలు వాడిపోవాలని, వేదిక కూలిపోవాలని, కూలినా పైనున్నామెకి దెబ్బ తగలకూడదని, కాస్త తగిలినా ఫర్వాలేదని అనుకునే మనిషి. దిద్దలేదు, తిరగరాయలేదు. తన నవలలో అచ్చాఫీసు కుటుంబంలో ఒక అక్క ఉంది, ఎప్పుడూ హుందాగా ఉండి ఎవరికీ గుర్తుండని అక్క. ఆ పేజీ తీసుకెళ్ళి ఆమె ఉన్న అధ్యాయంలో, దాదాపు ఆఖరున, దోపేసింది. పొద్దున తీసేద్దాంలే అనుకుంది. తియ్యలేదు.

మర్నాడు మేడ మీద బట్టలు ఆరేస్తూ చిన్న కోడలు దొరికింది. పెద్ద కోడలు బకెట్‌కి అవతల నిలబడింది.

"నేను కొట్టేసినవన్నీ ఉంచేశావు."

చిన్న కోడలు చేతిలో దుప్పటి దులపడం ఆపింది. "అన్నీ కాదక్కా. మెత్తగా కొట్టేసినవన్నీ తీసేశాను. ఒత్తి కొట్టేసినవి ఉంచాను."

"అంటే?"

"మీకు నిజంగా బాగోకపోతే గీత సన్నగా ఉంటుంది. పక్కన ఎందుకో కారణం రాస్తారు. ఒత్తి కొట్టిన చోట కారణం ఉండదు, 'అతి' అని ఉంటుంది. కాగితం వెనక చెయ్యి పెడితే తెలిసిపోతుంది. నరం కూడా అంతే, చూస్తే కనపడదు, నొక్కితే తెలుస్తుంది."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"రెండో నవల దిద్దినప్పటి నుంచే."

"ఇన్నాళ్ళూ తెలిసీ, సరే అక్కా సరే అక్కా అని నవ్వుతూ తీసుకెళ్ళావా. ఒక్కసారి మొహం మీద అడగొచ్చుగా."

చిన్న కోడలు దుప్పటి తాడు మీద వేసి, అంచులు సరిచేసి, అప్పుడు చెప్పింది. "అడిగితే మీరు ఒత్తడం మానేస్తారని భయం. ఏ పేజీ బాగుందో నాకు తెలీదక్కా. రాసినవన్నీ నాకు ఒకేలా ఉంటాయి. మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు."

"నా కడుపుమంట మీద కాఫీ కాచుకున్నావన్నమాట."

"కాచుకున్నాను," అంది చిన్న కోడలు. తల వంచుకుంది గానీ కాదనలేదు.

తిడదామంటే తను చేసింది అంతకన్నా చిన్నదేమీ కాదు. క్షమాపణ అడుగుదామంటే ఎవరు ఎవరిని అడగాలో తేలడం లేదు. రెండో పుస్తకం పేరులో సగం తన అసూయ సంపాదించి పెట్టింది. ఎవరికి చెబితే నమ్ముతారు. ఒక్కటే ప్రశ్న మిగిలింది, ఇన్నేళ్ళూ వేసుకోవడానికి భయపడ్డ ప్రశ్న. తను రచయిత్రా, లేకపోతే వట్టి పెన్సిలేనా.

గబగబా మెట్లు దిగింది. అంతే గబగబా ఎక్కింది. చేతిలో ఆవిడ నవల, దారంతో కట్టిన లావుపాటి కట్ట.

"ఇది చదువు. పెన్సిల్ పట్టుకుని చదువు."

చిన్న కోడలు తడి చేతులు చున్నీకి తుడుచుకుంది. ఇన్నేళ్ళలో ఆ కట్ట తాకే అదృష్టం ఆ అమ్మాయికి దక్కలేదు. చూపించేంత స్థాయి దానికెక్కడిదని పెద్ద కోడలి ఉద్దేశం. "నేనేం దిద్దగలనక్కా," అంది.

"దిద్దమని కాదు. చదవమని."

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో ఆవిడకే తెలియాలి. ఆఫీసులో ఒకే లైను మూడుసార్లు చదివేది. ఇంట్లో పైకప్పు వంక చూస్తూ కూరలు తరిగేది. పైన కుర్చీ జరిగితే చదవడం మొదలుపెట్టిందనుకునేది, నీళ్ళ చప్పుడైతే ఆపేసిందనుకునేది. "నీకు మెడ పట్టేసిందా పెద్దమ్మాయ్," అని అత్తగారు అడిగింది.

శనివారం సాయంత్రం చిన్న కోడలు కట్ట పట్టుకుని దిగింది. బల్ల మీద పెట్టింది.

"భాష చాలా బాగుందక్కా," అంది.

యజమాని మాటే, అనుకుంది పెద్ద కోడలు. కాఫీ పెడతానంది. ఎప్పుడూ కాఫీ వద్దనని మనిషి, "వద్దక్కా, పైన పనుంది," అని మొహం చూడకుండా వెళ్ళిపోయింది. మెట్లు ఎక్కుతున్న చప్పుడు, దబ్ దబ్‌మని.

దారం విప్పింది. మొదటి పేజీ శుభ్రంగా ఉంది. రెండోదీ, మూడోదీ. అక్కడక్కడా సన్నటి గీతలు, పక్కన ఒద్దికగా కారణాలు. 'ఇది ముందే వచ్చింది.' 'ఇక్కడ కాస్త తగ్గిస్తే.' ఎంత మర్యాద. ఆవిడ ప్రతి కాగితం వెనక వేలితో నిమిరి చూసింది. నున్నగా ఉంది. పేజీ వెనక పేజీ, తరం వెనక తరం, అన్నీ నున్నగా. ఆ నవలలో ఎవరినీ కుళ్ళుకునేలా చేసేది ఏమీ లేదని ఇంతకన్నా మర్యాదగా ఎవరూ చెప్పలేరు. తన మీద తనకే ఏడుపొచ్చింది. యజమాని ఇన్నేళ్ళూ కళ్ళజోడు తుడుచుకుంటూ మింగేసిన మాట ఇదే. ఇంక చూడకుండా కట్టేద్దామనుకుని కూడా, పనిలో పడ్డ అలవాటు కొద్దీ ఆఖరి దాకా తిప్పుతూ పోయింది.

అట్టడుగుకి వచ్చేసరికి వేలికి ఏదో తగిలింది.

పూలగుచ్ఛాల పేజీ. ఆ మూల నుంచి ఈ మూలకి గీత, అది చాలక దాని మీదే ఇంకో గీత. ఒకచోట కాగితం చిరిగింది. కింది పేజీ మీద కూడా అచ్చు పడింది. పక్కన ఒకే ఒక్క మాట, 'అతి.' కారణం లేదు.

ఓదార్చడానికి నొక్కి గీసిందేమో అని ఒక అనుమానం వచ్చింది. కానీ ఆ అమ్మాయి మొహం చూడకుండా వెళ్ళిన తీరు గుర్తొచ్చింది. కాఫీ వద్దన్న తీరు, మెట్ల మీద ఆ దబ్ దబ్. రాయడంలో గెలిచింది గానీ మొహం దాచుకోవడం దానికింకా రాదు. అందులో పెద్ద కోడలే గురువు.

ఆవిడకి నవ్వొచ్చింది. ఎన్నేళ్ళుగానో రాని నవ్వు, ఆపుకోలేక బల్ల మీద తల వాల్చి నవ్వింది.

"ఏమే, ఏమైంది," అని గదిలోంచి అత్తగారు. "కింద ఒకత్తె నవ్వుతుంది, పైన ఒకత్తె గది ఈ చివర నుంచి ఆ చివరికి తిరుగుతుంది. చదువుకున్నవాళ్ళతో ఇదే తంటా."

పెద్ద కోడలు తలెత్తి వింది. నిజమే, పైన అడుగులు. కుర్చీలో కుదురుగా కూచోలేని మనిషి అడుగులు. ఆ నడక ఆవిడకి బాగా తెలుసు, ఏళ్ళ తరబడి ఈ గదిలో తనే నడిచింది. పైకి వెళ్ళి ఒక మంచి మాట చెబుదామా అనిపించింది. రేపు చెప్పొచ్చులే అనుకుంది. ఇవాళ్టికి కాస్త నడవనీ.

మూడు తరాల కట్టని మళ్ళీ దారంతో కట్టి బీరువా మీద పెట్టేసింది. చిరిగిన ఆ ఒక్క పేజీనే బల్ల మీద ఉంచుకుంది. ముడిలోంచి పెన్సిల్ లాగి, పైన ఉన్న అంకె కొట్టేసి, ఒకటి అని వేసింది. తెల్ల కాగితం ఒకటి దగ్గరికి జరుపుకుని దాని మీద రెండు అని వేసి రాయడం మొదలుపెట్టింది.